రైలు కొలువు నుండి నవలకు: బిలాస్పూర్‌లో బిమల్ మిత్ర

బిలాస్పూర్ పాత ఊరే. అర్పానది ఒడ్డున బిలాసా అనే బెస్త స్త్రీ పేరు మీద వెలసిందని అక్కడివారి నమ్మకం. అయితే ఈనాడు మనం ఎరిగిన బిలాస్పూర్‌ను నిర్మించింది రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీ, నాగపూరు నుండి ఛత్తీస్‌గఢ్ మైదానం మీదుగా తూర్పునకు పట్టాలు సాగించి, 1891 నాటికి వాటిని ఆసన్‌సోల్‌కు చేర్చింది. కట్నీ వైపు పోయే శాఖ కూడా బిలాస్పూర్ వద్దనే విడిపోవడంతో అది పెద్ద కూడలి అయింది. నది ఒడ్డున పాత బస్తీ, స్టేషను చుట్టూ కంపెనీవారి బంగళాలు, క్వార్టర్లు: ఒకే పేరు గల రెండు ఊళ్లు పక్కపక్కన పెరిగాయి.

ఈ రెండవ ఊరిలో స్థానికులకంటె వచ్చి చేరినవారే ఎక్కువ. కంపెనీ ప్రధాన కార్యాలయం కలకత్తాలో ఉన్నందువల్ల గుమాస్తా పనులకు వంగీయులు వచ్చారు. అదే కంపెనీ పట్టాలు కోస్తా వెంబడి వాల్తేరు వరకు ఉన్నందువల్ల కర్మాగారాలకు, దారి పనులకు మన ఉత్తరాంధ్రులు విశేషంగా వచ్చారు. 1931లో పార్వతీపురం మీదుగా విజయనగరానికీ రాయపూరుకూ పట్టాలు కలిసిన పిమ్మట ఈ రాకపోకలు మరింత సులభమయ్యాయి. కనుక బిలాస్పూర్ రైల్వే కాలనీ తెలుగువారికి పరాయి ఊరు కాదు. ఆ కాలనీ నీడ ఒక ప్రసిద్ధ వంగ నవలాకారుని జీవితం మీద పడిన వైనం మన రచయితలకు ఆసక్తి కలిగించకపోదు.

ఆయన ప్రస్తావనకు ముందు రవీంద్రుణ్ణి స్మరించాలి. 1918లో వెలువడిన ‘పలాతకా’ సంపుటిలో ‘ఫాంకి’ అనే కథాకావ్యం ఉంది. ‘ఫాంకి’ అంటే మోసం. భర్త జబ్బుపడిన భార్య బినును గాలి మార్పునకు తీసుకొని వెళుతూ, బండి మారడానికి బిలాస్పూర్ స్టేషనులో ఆరు గంటలు ఆగుతాడు. అక్కడ పనిచేసే రుక్మిణి అనే పేదరాలు తన కూతురి పెండ్లి చింత బినుతో చెప్పుకుంటుంది. ఆమెకు ఇరవై ఐదు రూపాయలు ఇమ్మని బిను భర్తను కోరుతుంది. అతడు సరేనని, చాటుకు తీసుకొనిపోయి రుక్మిణిని బెదిరించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపివేస్తాడు. రెండు నెలలకు బిను మరణిస్తుంది, భర్త తనకేమీ లోటు చేయలేదనే తృప్తితో. ఆ తృప్తి అతనికి శూలమవుతుంది. ఋణం తీర్చుకోవడానికి మరల బిలాస్పూర్ వస్తే రుక్మిణి లేదు. ఎక్కడికి పోయిందో ఖచ్చితంగా చెప్పేవారూ లేరు. రైలు స్టేషను స్వభావమే అది. అక్కడ చేసిన అన్యాయానికి ప్రాయశ్చిత్తం చేసుకోవడం కష్టం. ఎదుటి మనిషి మరుసటి బండికి వెళ్లిపోతాడు. ఈ కావ్యాన్ని బిలాస్పూర్‌వారు తమ సొత్తుగా భావించి స్టేషనులో ప్రదర్శించుకున్నారు.

బిమల్ మిత్ర 1912 మార్చి 18న కలకత్తాలో జన్మించాడు. 1938లో కలకత్తా విశ్వవిద్యాలయం నుండి వంగభాషలో ఎం.ఏ. పట్టం పొందాడు. తరువాత రైల్వేలో చేరాడు. ఆ కొలువే ఆయనను బిలాస్పూర్‌కు తీసుకొని వచ్చింది. కలకత్తాలో పుట్టి పెరిగినవానికి మధ్యపరగణాల రైలుపట్టణం వనవాసంగా తోచవచ్చు. రచయితకు మాత్రం అది పాఠశాల. ఒక్క స్టేషను ఆవరణలో దొర, బాబు, కూలీ, బాటసారి, వ్యాపారి తారసపడతారు. ఎవరి హోదా ఎంతో వారి క్వార్టరు కొలతే చెబుతుంది. ఎవరి పని ఎవరి సంతకం మీద ఆగిందో అందరికీ తెలుసు. ఇంత విశాలమైన సమాజాన్ని ఇంత చిన్న జాగాలో చూడగల అవకాశం ఏ మహానగరంలోనూ దొరకదు. ఆయన పాత్రల సంఖ్యా వైవిధ్యాలు చూసినప్పుడు ఈ కొలువు వృథా పోలేదని అనిపిస్తుంది.

‘దేశ్’ పత్రికలో ధారావాహికగా సాగి 1953లో గ్రంథరూపం దాల్చిన ‘సాహెబ్ బీబీ గొలామ్’ ఆయన పేరును ఇంటింటికీ చేర్చింది. పల్లె నుండి వచ్చిన భూతనాథుడు చౌధురీల మేడలో తలదాచుకొని జమీందారీ పతనాన్ని కళ్లారా చూస్తాడు. చివరికి ఆ మేడను పడగొట్టే పనికి అతడే పర్యవేక్షకుడవుతాడు. ఆ మేడలోని చిన్నకోడలు, భర్తను ఇంటికి తెచ్చుకోవడానికి మద్యం ముట్టి దానికే బలి అయిన స్త్రీ. భారతీయ నవలలో మరపురాని పాత్రలలో ఆమె ఒకతె. 1956లో మిత్ర ఉద్యోగం వదలి రచననే జీవికగా స్వీకరించాడు.

1962లో రెండు సంపుటాలుగా వచ్చిన ‘కడి దియే కిన్‌లామ్’లో ఆయన రైల్వేను తిన్నగా కథలోకి తెచ్చాడు. ‘గవ్వలిచ్చి కొన్నాను’ అని ఆ పేరుకు అర్థం. గవ్వలతో, అంటే డబ్బుతో, కొనలేనిది లోకంలో లేదని బాల్యంలో ఒక ముసలివాని నోట విన్న దీపంకరుడు, ముప్పది మూడు రూపాయలు లంచమిచ్చి రైల్వే ఆఫీసులో ఉద్యోగం సంపాదిస్తాడు. తరువాత ఎంత పైకి ఎదిగినా ఆ ముప్పది మూడు రూపాయలు అతనిని విడిచిపెట్టవు. రవీంద్రుని కావ్యంలో ఇవ్వవలసిన ఇరవై ఐదు రూపాయలు ఇవ్వకపోవడం పాపం. మిత్ర నవలలో ఇవ్వకూడని ముప్పది మూడు ఇవ్వడం పాపం. రెండింటిలోనూ మొత్తం స్వల్పం, లోకం గుర్తించదు, శిక్షించదు. శిక్షించేది లోపలివాడు ఒక్కడే. పెద్ద దోపిడీలను గూర్చి వ్రాయడం సులభం. చిల్లర సొమ్ము మనిషిని ఎలా కొరుకుతుందో చెప్పడానికి నవలాకారుడు కావాలి. ఈ నవలకు 1964లో రవీంద్ర పురస్కారం లభించింది. ‘బేగం మేరీ బిశ్వాస్’, ‘ఏకక్ దశక్ శతక్’ నవలలతో కలిపి చదివితే, పలాశీ యుద్ధకాలం నుండి స్వాతంత్ర్యానంతరం వరకు కలకత్తా చరిత్ర కథగా కళ్లకు కడుతుంది.

చలనచిత్రం ఆయనను అఖిలభారత రచయితను చేసింది. ‘సాహెబ్ బీబీ గొలామ్’ 1956లో వంగభాషలో, 1962లో హిందీలో తెరకెక్కింది. హిందీ చిత్రాన్ని నిర్మించిన గురుదత్ మిత్రను బొంబాయికి రప్పించి, కథను చిత్రానికి మలచే పనిలో తోడు చేసుకున్నాడు. దర్శకుడు అబ్రార్ అల్వీ; చిన్నకోడలు మీనాకుమారి; ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తి. బండిలో చిన్నకోడలు భూతనాథుని ఒడిలో తల వాల్చిన దృశ్యాన్ని ప్రేక్షకులు సహించకపోగా, దానిని తొలగించవలసి వచ్చింది. నవలలో పాఠకుడు ఏకాంతంగా అంగీకరించిన దానిని కొన్నిసార్లు సినిమాహాలులోని సమూహం అంగీకరించదు. 1964 అక్టోబరు 10న గురుదత్ మరణించాడు. ఆయనను గూర్చి మిత్ర వ్రాసిన గ్రంథానికి ‘బినిద్ర’ అని పేరు. నిద్ర ఎరుగని ఆ మిత్రునికి ఆ పేరు కంటె తగినది దొరకదు.

ఇంతటి జనాదరణకు మూల్యం ఉంది. ఆయన పేరు పెట్టి ఇతరులు వ్రాసిన దొంగ నవలలు బజారుకెక్కగా, తన గ్రంథాలను గుర్తించే విధం ఆయనే పాఠకులకు ప్రకటించవలసి వచ్చింది. 1991 డిసెంబరు 2న మరణించేవరకు సాహిత్య అకాడెమీ పురస్కారం ఆయనకు రాలేదు. కథ మరీ సాగుతుందని, యాదృచ్ఛిక ఘటనలు ఎక్కువని చేసే ఆక్షేపణలో నిజం లేకపోలేదు. వారం వారం పాఠకుని కట్టిపడవేయవలసిన ధారావాహికకు ఆ గుణమూ దోషమూ సహజం. కాని లక్షలమంది చదివినది కనుకనే తేలిక రచన అని తీర్పు చెప్పడం విమర్శ కాదు. మనకు కొవ్వలి లక్ష్మీనరసింహారావు ఉన్నాడు. ఆయన పుట్టిందీ 1912లోనే. రైలు ప్రయాణంలో తెలుగువాని చేతికి పుస్తకం అందించి, వెయ్యి నవలల పేరు మోసినవాడు. మిత్రకూ కొవ్వలికీ ప్రతిభలో పోలిక తేవడం నా ఉద్దేశం కాదు. జనం చదివిన గ్రంథాన్ని విమర్శకుడు కూడా చదివి మంచిచెడ్డలు తేల్చాలన్నంతే.

శరచ్చంద్రుని చక్రపాణి మొదలైనవారు తెలుగు చేస్తే, మనం ఆయనను మనవాడనే అనుకున్నాము. ఆ ఋణం పెద్దది. అయితే వంగీయుల నుండి మనం ఎక్కువగా తెచ్చుకున్నది వారి ఇండ్లలోని ప్రేమలు, వియోగాలు. వారి ఆఫీసులు, క్వార్టర్లు, బదిలీలు అంతగా తెచ్చుకోలేదు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైన బిలాస్పూర్‌లోను, ఖరగపూరులోను తాతల నాటి నుండి కొలువు చేసిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. మాతృభాష ఇంట ఒకటి, బడిలో ఒకటి, ప్లాట్‌ఫారం మీద ఇంకొకటిగా బ్రతికిన ఆ తరాల కథ ఆరుబయట కాదు, ఉద్యోగపు బల్ల దగ్గరే ఉంది. వంగ గుమాస్తా తన పక్క బల్ల నుండి మహానవల తీశాడు. అదే వరుసలో కూర్చున్న తెలుగు గుమాస్తా, అదే దారిలో పట్టాలు బిగించిన తెలుగు కూలీ చూసింది అంతకంటె తక్కువ కాదు. వారు పదవీ విరమణ పొంది, పాతవారు వెళ్లిపోయి, రుక్మిణివలె జాడ తెలియకుండా పోకముందే వారి మాట వినడం రచయితల విధి.