శిలా నమూనాలకు ఎలక్ట్రానిక్ నోటుపుస్తకం

కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. 3 కిలోమీటర్లకు మించిన లోతు గల ఆ గనులలో క్రమంగా నీరు చేరింది. అక్కడి రాతిని మళ్లీ తెచ్చి పరీక్షించడం ఇక సులభసాధ్యం కాదు. కనుక ఇంతకుముందే పైకి వచ్చిన ప్రతి రాతిముక్క విలువా దానితో ఉన్న వివరాలపైనే ఆధారపడి ఉంది. ఏ గనిలోది, ఎంత లోతులోది అన్నది తెలియని ముక్క పరిశోధనకు ఉపకరించదు.

ఈ వివరాలను కంప్యూటరులో క్రమబద్ధంగా భద్రపరచే సాధనమే ఎలక్ట్రానిక్ ప్రయోగశాల నోటుపుస్తకం. ఈల్యాబ్‌ఎఫ్‌టీడబ్ల్యూ వంటివి ఉచితంగానే లభిస్తాయి.

నమోదు చేయవలసినవి: ప్రతి నమూనాకు మరి దేనికీ ఇవ్వని ఒక సంఖ్య, గని, మట్టం, బోరురంధ్రం, లోతు, సేకరించిన తేదీ, సేకరించినవారి పేరు, కొలబద్దతో తీసిన ఛాయాచిత్రం, బరువు, భద్రపరచిన పెట్టె, అర. ముక్కను రెండుగా కోసినచో మూల సంఖ్యకే ఉపసంఖ్యలు చేర్చాలి. సయనైడ్ దిబ్బల మట్టి అయితే జీపీఎస్ స్థానం, పైనుండి ఎంత లోతున తీసినదీ తప్పనిసరి. గాలివానలకు దిబ్బ పైపొర మారుతూనే ఉంటుంది.

రాతి బలాన్ని పరీక్షించేటప్పుడు ఈ అవసరం మరింత స్పష్టమవుతుంది. కోలారు గనులు రాక్‌బర్స్ట్‌లకు పేరుపడినవి. 1988లో కె.జి.ఎఫ్.లో జాతీయ శిలా యాంత్రిక శాస్త్ర సంస్థ ఏర్పడింది. శిలల బలాన్ని కొలవడం ఈ శాస్త్రంలో ప్రధానమైన పని. యంత్రంలో ఒత్తిడికి గురిచేసిన నమూనా చివరకు పగిలిపోతుంది. ఆ తరువాత మిగిలేది నమోదు మాత్రమే. కాబట్టి కొలతలు, ఛాయాచిత్రాలు పరీక్షకు ముందే చేర్చాలి.

పొరపాటు దొర్లినచో పాత అంకెను చెరిపివేయరాదు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో తెలిసేలా పాతదీ కొత్తదీ రెండూ నిలిచి ఉండాలి. కాగితంపై ఒక్క గీతతో కొట్టివేసి సంతకం చేసే పద్ధతికి ఇది సమానం.

కంప్యూటరును మాత్రమే నమ్ముకోవడమూ సరికాదు. నమోదుల ప్రతిని వేరొక చోట కూడా ఉంచాలి. సాఫ్ట్‌వేరు మారినా చదవగలిగే సాధారణ రూపంలో అప్పుడప్పుడు దించుకోవాలి. నమూనా సంఖ్యను పెట్టెపైనే గాక, వీలైనచోట రాతిపైన కూడా చెరగని రంగుతో వ్రాయాలి.

పాత లెడ్జర్లు ఉన్నవారు వాటి పుటలను ఛాయాచిత్రాలుగా తీసి నమూనా సంఖ్యతో జతచేయవచ్చును. చదవలేని అంకెను ఊహించి పూరించరాదు. ఖాళీగా వదిలి, ఆ సంగతి వ్రాయాలి. పని పూర్తయినంత మాత్రాన లెడ్జరును పారవేయరాదు. సందేహం వచ్చిన నాడు తిరిగి చూడవలసిన మూలం అదే.