నరం దొరకని నిమిషాలు

ఆగకుండా వచ్చే మూర్ఛను డయాజెపామ్ నరంలోకి ఎక్కించి అదుపు చేయవచ్చని 1965లో ఫ్రాన్స్‌లో ఆన్రీ గాస్తో బృందం వెల్లడించింది. అంతకుముందు ఆస్పత్రుల్లో వాడిన మందుల్లో పారాల్డిహైడ్ ఒకటి. దాని వాసన ఘాటు. ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది కనుక గాజు సిరంజిలోకే తీసుకోవాలి. కండకు ఇస్తే విపరీతమైన నొప్పి. డయాజెపామ్‌తో ఆ బాధ చాలావరకు తప్పింది. కానీ కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్న పసిబిడ్డకు నరం దొరకబుచ్చుకోవడం చేయితిరిగిన నర్సుకే కష్టం. ఇంట్లో తల్లి ఏం చేయగలదు?

1970లలో స్కాండినేవియా వైద్యులు ఒక దారి చూపారు. డయాజెపామ్ ద్రావణాన్ని మలద్వారం గుండా ఎక్కిస్తే నిమిషాల్లో రక్తంలో కలుస్తుంది. అలా మందు ఇంటివాళ్ల చేతికొచ్చింది. పసివాళ్లకు సరే, పదిహేనేళ్ల ఆడపిల్ల బడిలో పడిపోతే అందరి ముందూ బట్టలు తొలగించాలా? ఆ సిగ్గును చిన్న విషయమని తీసిపారేయడం అన్యాయం.

తర్వాత వైద్యుల చూపు ముక్కు మీద, నోటి మీద పడింది. మిడజొలామ్ అనే మందును బుగ్గకూ చిగురుకూ మధ్య వేస్తే లోపలి పొరే పీల్చుకుంటుంది, మింగనక్కర్లేదు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2006లో ముక్కులో వేసే మిడజొలామ్‌ను మలద్వారం డయాజెపామ్‌తో పోల్చి, మిడజొలామే త్వరగా ఫిట్స్ ఆపుతోందని తేల్చారు. 2005లో బ్రిటన్‌లో నాలుగు ఆస్పత్రుల్లో పిల్లలకు ఇచ్చి చూస్తే, బుగ్గలో వేసిన మిడజొలామ్ 56 శాతం సందర్భాల్లో పనిచేసింది, డయాజెపామ్ 27 శాతంలోనే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం 2012లో అమెరికా అంబులెన్సుల్లో జరిగిన పరిశోధన. మిడజొలామ్‌ను తొడ కండలోకి పొడిచినవారిలో 73 శాతం మందికి ఆస్పత్రి చేరేసరికి మూర్ఛ ఆగింది. నరంలోకి లోరజెపామ్ అనే మరో మందు ఇచ్చినవారిలో 63 శాతం. నిజానికి ఒంట్లోకి వెళ్లాక లోరజెపామ్‌దే వేగం, ఒకటిన్నర నిమిషం చాలింది. మిడజొలామ్‌కు మూడు నిమిషాలు దాటింది. కానీ నరం దొరికి మందు ఎక్కేసరికే దాదాపు 5 నిమిషాలు గడిచాయి. కండకు ఒక నిమిషం పైచిలుకు సరిపోయింది. అత్యవసరంలో ముందుగా అందిన మందే మంచి మందు.

ముక్కులో కొట్టే మిడజొలామ్ స్ప్రే మన దేశంలోనూ డాక్టరు చీటీతో దొరుకుతోంది. అయినా ఇప్పటికీ మన వీధుల్లో ఫిట్స్ వచ్చినవాళ్ల చేతిలో తాళాలగుత్తి పెడుతున్నారు. దానివల్ల ఏమీ ఆగదు. ఇంట్లో మూర్ఛ ఉన్నవాళ్లుంటే ఏ మందు, ఎంత, ఎప్పుడు ఇవ్వాలో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం బడిలో టీచరుకూ ఇవ్వండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. 5 నిమిషాలు దాటితే రాసిన మందు ఇచ్చి 108కి ఫోన్ చేయండి.