ఎదిగే పిల్లల మోకాలు – లిగమెంటు శస్త్రచికిత్స చరిత్ర

మోకాలి లోపల తొడ ఎముకను, కాలి ఎముకను పట్టియుంచే రెండు లిగమెంట్లు గుణకారపు గుర్తువలె ఒకదానినొకటి దాటుకొని ఉంటాయి. వాటిలో ముందుదానినే వైద్యులు ఏసీఎల్ అంటారు. పరుగులో హఠాత్తుగా దిశ మార్చినా, ఎగిరి దిగుతూ కాలు మెలిపడినా అది తెగవచ్చు.

పెద్దలలో దీనికి శస్త్రచికిత్స 1895 నాటికే మొదలైంది. ఇంగ్లండులోని లీడ్స్‌లో మేయో రాబ్సన్ ఒక గని కార్మికుని మోకాలిలో తెగిన లిగమెంట్లను కుట్టాడు. 1917లో బ్రిస్టల్ వైద్యుడు హే గ్రోవ్స్ ఎముకలలో సొరంగాలు తొలిచి, తొడ బయటివైపు పొర నుండి తీసిన పట్టీని వాటి గుండా పోనిచ్చి కొత్త లిగమెంటును అమర్చాడు.

మరి పిల్లలకు ఈ చికిత్స చేయడానికి వైద్యులు ఎందుకు వెనుకాడారు? ఎముక పొడవు పెరిగేది దాని చివరలనున్న గ్రోత్ ప్లేట్ల వద్దనే. 1727లో స్టీఫెన్ హేల్స్ కోడిపిల్ల కాలి ఎముకకు రెండు రంధ్రాలు చేసి, ఎముక పెరిగినా వాటి మధ్య దూరం మారలేదని గమనించాడు. తరువాత జాన్ హంటర్ పంది ఎముకలో సీసపు గుండ్లు పెట్టి ఆ సంగతినే ధ్రువపరచాడు. మన కాలి పెరుగుదలలో సుమారు మూడింట రెండు వంతులు మోకాలి దగ్గరి ప్లేట్ల నుండే వస్తుంది. సొరంగం తొలిచిన చోట ప్లేటు ఎముకగా గట్టిపడితే కాలు పొట్టిగానో వంకరగానో ఎదగవచ్చు. అందుకే ఎదుగుదల ముగిసేవరకు పట్టీతో, వ్యాయామంతో ఆగమనేవారు.

కాని పిల్లలు ఆటలు మానరు. పట్టు తప్పిన మోకాలు పదే పదే జారి, లోపలి మెనిస్కస్ చీలిపోయేది. దానితో చిన్న వయసులోనే కీలు అరిగే ప్రమాదం ఏర్పడేది.

ఈ రెండు కీడుల నడుమ దారి వెదకినవారిలో నాష్‌విల్‌కు చెందిన ఆండర్సన్ ఒకరు. ఆయన సొరంగాలను గ్రోత్ ప్లేటు దాటనీయక ఎముక చివరి భాగంలోనే తొలిచాడు. బోస్టన్‌లో మిచెలీ, కోచర్‌లు అసలు సొరంగమే లేకుండా తొడ పట్టీని మోకాలిలోకి మళ్ళించారు. 2005లో వారు ప్రకటించిన 44 మంది పిల్లలలో ఎవరికీ చెప్పుకోదగిన వంకరగాని పొడవు తేడాగాని రాలేదు. ఇద్దరికి మాత్రం లిగమెంటు మళ్ళీ విఫలమైంది. ఎదుగుదల ముగింపుకు వచ్చిన కౌమారులకు, ప్లేటుకు అడ్డంగా ఎముక ముక్కగాని స్క్రూగాని పడకుండా, మెత్తని టెండన్‌ను దాని గుండా పోనిస్తారు.

పాఠకులారా, ఆటలో మోకాలు "టప్" మని, కొద్ది గంటలలో వాచినట్లయితే బెణుకని తలచి మర్దన చేయించవద్దు, పసరు కట్టు కట్టించవద్దు. ఎముకల వైద్యునికి చూపండి. పిల్లలందరికీ శస్త్రచికిత్స అవసరం కాదు. మెనిస్కస్ చెక్కుచెదరక, మోకాలు జారకుంటే కొందరికి వ్యాయామ చికిత్సే చాలు. శస్త్రచికిత్స అవసరమన్నప్పుడు రెండు ప్రశ్నలు తప్పక అడగండి: "మా బిడ్డకు ఇంకా ఎంత ఎదుగుదల మిగిలి ఉంది? గ్రోత్ ప్లేటును ఎలా కాపాడుతారు?"