చిన్న వ్యాపారానికి వెబ్ హోస్టింగ్: ఎంపికలో చూడవలసినవి, మొరాయిస్తే చేయవలసినవి

జంషెడ్‌పూర్‌లో సాక్చి మార్కెట్‌ను ఆనుకొని ఉన్న వాడ కాసిడీహ్. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడిన తరువాత ఉపాధి వెతుక్కుంటూ ఈ నగరానికి చేరినవారిలో తెలుగువారు కూడా ఉన్నారు. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం ఆ వలసకు గుర్తుగా నేటికీ నిలిచి ఉంది. ఇటువంటి వాడల్లోని దుకాణదారుకైనా, ఆదిత్యపూర్ పారిశ్రామిక ప్రాంతంలో విడిభాగాలు తయారుచేసే చిన్న యూనిట్ యజమానికైనా నేడు వెబ్‌సైట్ రెండో దుకాణం వంటిది. వీధిలోని దుకాణం మూతపడితే యజమానికి వెంటనే తెలుస్తుంది. వెబ్‌సైట్ మూతపడితే కొనుగోలుదారు వెనుదిరిగి వెళ్లిన తరువాత గానీ తెలియదు. అందుకే హోస్టింగ్ ఎంపికలో ధరతో పాటు మరికొన్ని అంశాలనూ పరిశీలించడం అవసరం.

మూడు వేర్వేరు సేవలు

డొమైన్, హోస్టింగ్, ఈమెయిల్ ఒకే బిల్లులో వచ్చినా అవి మూడు వేర్వేరు సేవలు. డొమైన్ అంటే చిరునామా. హోస్టింగ్ అంటే ఆ చిరునామాలోని స్థలం. ఈమెయిల్ అంటే తపాలా పెట్టె. ‘డాట్ ఇన్’ పేర్లతో పాటు తెలుగు లిపిలోని ‘డాట్ భారత్’ పేర్లను నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా (నిక్సీ) నిర్వహిస్తుంది. వాటిని రిజిస్ట్రార్ల ద్వారా కొనుగోలు చేయాలి.

చిన్న వ్యాపారులకు పెద్ద నష్టం తరచుగా డొమైన్ దగ్గరే ఎదురవుతుంది. సైట్ తయారుచేసిన వ్యక్తి డొమైన్‌ను తన పేరు మీద, తన ఈమెయిల్‌తో నమోదు చేస్తే కాగితాల ప్రకారం హక్కుదారు అతడే అవుతాడు. అతడు ఊరు మారినా, ఫోన్ ఎత్తకపోయినా వ్యాపారి తన పేరునే కోల్పోయే ప్రమాదం ఉంది. కాబట్టి రిజిస్ట్రార్ ఖాతా యజమాని పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్‌తోనే ఉండాలి. ఆ ఈమెయిల్ అదే డొమైన్‌కు చెందినది కాకూడదు. డొమైన్ ఆగిపోయిన రోజు దానిపై ఆధారపడిన మెయిల్ కూడా ఆగిపోతుంది, గడువు హెచ్చరికలు అందవు.

ఏ రకం సరిపోతుంది

షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే సర్వర్‌ను అనేక సైట్లు పంచుకుంటాయి. ధర తక్కువ. చిరునామా, ఫొటోలు, ధరల పట్టిక మాత్రమే ఉన్న సైట్‌కు ఇది చాలు. పొరుగు సైట్‌కు రద్దీ పెరిగితే మన సైట్ నెమ్మదించడం ఇందులోని లోపం. వర్చువల్ ప్రైవేట్ సర్వర్‌లో మెమరీ, ప్రాసెసర్ వాటా ప్రత్యేకంగా లభిస్తాయి. ఆన్‌లైన్ ఆర్డర్లు, చెల్లింపులు ఉన్నవారికి ఇది మేలు. అయితే ‘మేనేజ్డ్’ అని స్పష్టంగా లేకపోతే భద్రతా అప్‌డేట్ల బాధ్యత కొనుగోలుదారుదే. క్లౌడ్ హోస్టింగ్‌లో వాడకాన్ని బట్టి బిల్లు పెరుగుతుంది కనుక ఖర్చు హెచ్చరికను ముందే అమర్చుకోవాలి.

ప్రకటనల్లో కనిపించనివి

పెద్ద అక్షరాల్లో కనిపించే ధర సాధారణంగా మొదటి విడతకే వర్తిస్తుంది. రెన్యువల్ ధర ఎంతో చూసి, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి లెక్క వేసుకోవాలి. ‘అన్‌లిమిటెడ్’ అన్న ప్లాన్లలోనూ ఫైళ్ల సంఖ్య, ప్రాసెసర్ వాడకాలపై పరిమితులు నిబంధనల పత్రంలో ఉంటాయి.

‘అప్‌టైమ్’ శాతాన్ని గంటల్లోకి మార్చి చూడాలి. 99 శాతం అంటే ఏడాదికి మూడున్నర రోజులకు పైగా సైట్ ఆగిపోవచ్చు. 99.9 శాతమైతే సుమారు 8 గంటల 45 నిమిషాలు, 99.99 శాతమైతే సుమారు 53 నిమిషాలు. హామీ తప్పినప్పుడు సంస్థలు సాధారణంగా హోస్టింగ్ రుసుములో కొంత వెనక్కి ఇస్తాయే గానీ పోయిన అమ్మకాలకు పరిహారం చెల్లించవు.

కొనుగోలుదారులు భారత్‌లోనే ఉంటే సర్వర్ కూడా దేశంలోనే ఉండడం మంచిది. పేజీ త్వరగా తెరుచుకుంటుంది. అమెజాన్ క్లౌడ్ సేవలు 2016లో ముంబయిలో, 2022లో హైదరాబాద్‌లో కేంద్రాలను ప్రారంభించాయి.

బ్యాకప్ మరోచోట ఉండాలి

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ భవనం అగ్నిప్రమాదంలో దగ్ధమైంది. లక్షలాది సైట్లు నిలిచిపోయాయి. బ్యాకప్ వేరే చోట లేని ఖాతాదారుల్లో కొందరు సమాచారాన్ని శాశ్వతంగా కోల్పోయారు. హోస్టింగ్ సంస్థ తీసే బ్యాకప్‌తో పాటు ఫైళ్లు, డేటాబేస్‌ల కాపీని సొంత కంప్యూటర్‌లో గానీ వేరే క్లౌడ్ ఖాతాలో గానీ దాచుకోవాలి. ఆ కాపీతో సైట్ తిరిగి నిలబడుతుందో లేదో ఒకసారి పరీక్షించి చూడాలి.

సైట్ తెరుచుకోకపోతే

ముందుగా వైఫై ఆపి మొబైల్ డేటాతో ప్రయత్నించాలి. అప్పుడు తెరుచుకుంటే లోపం కార్యాలయ ఇంటర్నెట్‌లో ఉన్నట్టు. ఎక్కడా తెరుచుకోకపోతే డొమైన్ గడువు తేదీ చూడాలి. గడువు ముగిసిన పేరును మొదట సాధారణ రుసుముతో తిరిగి పొందే అవకాశం ఉండవచ్చు. ఆ తరువాతి ‘రిడెంప్షన్’ దశలో రుసుము బాగా పెరుగుతుంది. అదీ దాటితే పేరు ఇతరుల పరమవుతుంది.

బ్రౌజర్ ‘సురక్షితం కాదు’ అని హెచ్చరిస్తే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ గడువు తీరి ఉండవచ్చు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లు స్వల్పకాలికమైనవి. అవి తమంతట తాము రెన్యువల్ అయ్యేలా అమర్చాలి.

404 అంటే ఆ పేజీ అక్కడ లేదని అర్థం. 500 వస్తే ఇటీవల మార్చిన ప్లగిన్‌ను లేదా సెట్టింగ్‌ను అనుమానించి, కంట్రోల్ ప్యానెల్‌లోని ఎర్రర్ లాగ్ చూడాలి. 503 సర్వర్‌పై భారానికి, లేదా నిర్వహణ పనులకు సూచన. 508 కనిపిస్తే షేర్డ్ ప్లాన్‌లోని పరిమితి దాటినట్టు. డేటాబేస్‌తో సంబంధం కుదరలేదన్న సందేశం వస్తే పాస్‌వర్డ్ మార్పును, డిస్క్ నిండిన స్థితిని పరిశీలించాలి.

సహాయ కేంద్రానికి రాసేటప్పుడు ‘సైట్ పనిచేయడం లేదు’ అంటే సరిపోదు. లోపం మొదలైన సమయం, స్క్రీన్‌పై వచ్చిన సందేశం, చివరిగా చేసిన మార్పు తెలియజేస్తే పరిష్కారం త్వరగా దొరుకుతుంది.

మెయిల్ చేరకపోతే

కొటేషన్ స్పామ్‌లోకి వెళితే ఆర్డరే పోవచ్చు. పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవారికి జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ ధ్రువీకరణలను తప్పనిసరి చేశాయి. తక్కువ మెయిళ్లు పంపేవారు కూడా ఈ మూడింటినీ డీఎన్‌ఎస్‌లో నమోదు చేసుకోవడం ఉత్తమం.

చొరబాటు జరిగితే

సైట్‌లో తెలియని పేజీలు కనిపించినా, ఇతర సైట్లకు మళ్లిస్తున్నా వెంటనే పాస్‌వర్డ్‌లన్నీ మార్చి, శుభ్రమైన బ్యాకప్‌ను పునరుద్ధరించాలి. చొరబాటుకు దారిచ్చిన పాత ప్లగిన్‌ను తొలగించకపోతే సమస్య మళ్లీ వస్తుంది. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం, నిర్దేశిత సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయాలి. డబ్బు పోయినట్లయితే 1930 నంబరుకు తక్షణం ఫిర్యాదు చేయాలి.

సంస్థ మారేటప్పుడు

కొత్త చోట సైట్‌ను పూర్తిగా పరీక్షించిన తరువాతే డీఎన్‌ఎస్ మార్చాలి. ఆ మార్పు అన్ని చోట్లా అమలు కావడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. అంతవరకు పాత ఖాతాను రద్దు చేయరాదు. పాత మెయిల్ పెట్టెల్లోని ఉత్తరాలను ముందే కాపీ చేసుకోవాలి.

డొమైన్, హోస్టింగ్ గడువు తేదీలు, ఖాతాల వివరాలు, చివరి బ్యాకప్ తేదీ ఒకే చోట రాసి ఉంచి, నెలకొకసారి సరిచూసుకుంటే వీటిలో అనేక సమస్యలను ముందే నివారించవచ్చు.