టవర్ కింది తీగ

మన దేశంలో సెల్‌ఫోన్ కథ 1995 జూలై 31న కలకత్తా నుంచి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్ర టెలికం మంత్రి సుఖ్‌రాంతో మాట్లాడటంతో మొదలైందని రాస్తుంటారు. నల్లగొండ జిల్లాలోని మా చిట్యాలకు ఆ తేదీతో పని పడలేదు. పాత ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌కు టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్ లైసెన్సులు తెచ్చుకున్నా, రద్దీ వేళల్లో నిమిషానికి 16 రూపాయలు దాటే రేటు, పైగా మనకు వచ్చిన కాల్‌కూ మనమే కట్టాల్సిన డబ్బు చూశాక, ఇక్కడ మామూలు రైతో, చిన్న వ్యాపారో దాని జోలికి పోయే పరిస్థితి లేదు. ఇక్కడి సెల్ చరిత్రను టెలిఫోన్ ఎక్స్ఛేంజీ గది నుంచి మొదలుపెట్టాలి. ప్రభుత్వ సంస్థ బీఎస్ఎన్ఎల్ ముందుగా పరిగెత్తిందీ ఆ గది వల్లే. తర్వాత అది ఆగిపోయిన చోట్లను పరిశీలిస్తే మాత్రం తప్పు యంత్రాలలో కంటే వాటిని కొనే ఫైళ్లలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

1984లో ఏర్పడిన ప్రభుత్వ టెలికం పరిశోధన సంస్థ సీ-డాట్ 128 లైన్ల చిన్న గ్రామీణ ఎక్స్ఛేంజీని తయారుచేసింది. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో అది మొదటిసారి పని మొదలుపెట్టింది. దాని గొప్ప సుగుణం ఏసీ గది అడగకపోవడం. మన ఎండనూ దుమ్మునూ తట్టుకుంది కాబట్టే చిన్న ఊళ్లకూ ఎక్స్ఛేంజీలు చేరాయి, వాటి వెంటే ఎస్టీడీ బూత్‌లూ వచ్చాయి. 2000 అక్టోబరు 1న టెలికం శాఖ నుంచి బీఎస్ఎన్ఎల్ పుట్టినప్పుడు ఈ గదులు, స్థలాలు, బ్యాటరీలు, జిల్లా కేంద్రానికి వెళ్లే లైన్లు అన్నీ వారసత్వంగా వచ్చాయి. 2002 అక్టోబరు 19న లక్నోలో దాని మొబైల్ సేవ సెల్‌వన్ ప్రారంభమయ్యాక ఆ వారసత్వం విలువ తెలిసింది. అప్పటి 2జీ టవర్‌కు కావలసింది సెకనుకు 2 మెగాబిట్ల లైను. మామూలు ఫోన్ లెక్కన అందులో 30 గొంతులు పడతాయి. కొత్తగా వచ్చిన కంపెనీ స్థలం వెతికి, అద్దె మాట్లాడి, లైను వేసుకోవాలి. బీఎస్ఎన్ఎల్‌కు చాలా చోట్ల ఎక్స్ఛేంజీ ఆవరణలోనే టవర్ లేపి, పక్క గదిలోని లైనుకు కలిపితే సరిపోయింది. గాలిలో పోయే ఫోను అంటాం గానీ, గాలిలో పోయేది చేతిలోని ఫోను నుంచి టవర్ దాకానే, మిగతా దారిలో ఎక్కువ భాగం నేల మీద, నేల కింద పోతుంది.

చిట్యాల హైదరాబాద్–విజయవాడ రహదారి మీద ఉంది కదా, ప్రభుత్వ సంస్థ లేకపోయినా ప్రైవేటు సిగ్నల్ వచ్చేదేగా అనవచ్చు. నిజమే, వచ్చేది. గుండ్రాంపల్లి, వెలిమినేడు వంటి రోడ్డు ఊళ్లకూ వచ్చేది. కార్లలో, బస్సుల్లో పోయేవాళ్ల కోసమే అయినా రోడ్డు వెంట టవర్లు పడతాయి. లోపలికి పోతే లెక్క వేరు. లైసెన్సు షరతు ప్రైవేటు కంపెనీల నుంచి కోరింది మూడేళ్లలో సగం జిల్లా కేంద్రాలనే, వాటికి బదులు వేరే పట్టణాలు చూపినా చెల్లేది. రోడ్డుకు లోపల ఉన్న ఉరుమడ్ల వంటి ఊరు ఆ షరతులో ఎక్కడా కనిపించదు. 2జీ వాడిన 900 మెగాహెర్ట్జ్ తరంగం దూరం పోతుంది కాబట్టి, మండల కేంద్రంలోని టవర్ సిగ్నల్ చుట్టుపక్కల ఊళ్లకు కొంతైనా అందేది. కరెంటు పోయి బ్యాటరీలు దిగిపోతే అదీ పోయేదనుకోండి.

ఇక 3జీ సంగతి. వేలానికి ముందే బీఎస్ఎన్ఎల్‌కు 3జీ తరంగాలు దక్కాయి. ప్రైవేటు కంపెనీలు 2010 వేలం దాకా ఆగాల్సి వచ్చింది. ఇంత ముందంజ ఉన్నా ఎందుకు నిలవలేదు? 3జీ వాడే 2100 మెగాహెర్ట్జ్ తరంగం అంత దూరం పోదు, టవర్లు ఎక్కువ కావాలి. గొంతులు మోసిన పాత లైను డేటాను మోయలేదు, దాన్నీ మార్చాలి. అంటే వారసత్వంతో గడిచే రోజులు పోయి, కొనాల్సిన రోజులు వచ్చాయి. సరిగ్గా అక్కడే తలుపు మూసుకుంది. 2006లో పిలిచిన 4.55 కోట్ల లైన్ల టెండరు కోర్టుకెక్కి, ధరల గొడవలో చిక్కుకుని, చివరకు కుంచించుకుపోయింది. తర్వాత పిలిచిన 9.3 కోట్ల లైన్ల టెండరు 2010లో రద్దయింది. దేశం ఫోన్లు కొంటున్న వేళ ఫోన్ల సంస్థ యంత్రాలు కొనలేకపోయింది. అదే ఏడాది 3జీ తరంగాలకూ, బ్రాడ్‌బ్యాండ్ తరంగాలకూ కలిపి వేలం ధర లెక్కన సుమారు 18,500 కోట్లు కట్టాల్సి రావడంతో దాచుకున్న సొమ్మూ కరిగిపోయింది.

ఇదంతా సాకు, అసలు జబ్బు సర్కారీ ఉద్యోగుల నిర్లక్ష్యం అనే మాట తరచూ వింటాం. జీతాల భారం నిజం, ఫిర్యాదు ఇచ్చి వారాలు ఎదురుచూసిన వినియోగదారుల కోపమూ న్యాయమే. అయితే 2004–05లో పది వేల కోట్లకు పైగా లాభం వచ్చినప్పుడూ పనిచేసింది ఆ ఉద్యోగులే. ఆ లాభంలో గ్రామీణ లైన్ల నష్టం పూడ్చడానికి ప్రైవేటు కంపెనీలు కట్టిన చార్జీ వాటా కూడా ఉందని ఒప్పుకోవాలి, అంతా సామర్థ్యం కాదు. కానీ నిర్లక్ష్యమే మూలమైతే, 2020 జనవరి 31న స్వచ్ఛంద విరమణతో దాదాపు 78 వేల మంది, అంటే సుమారు సగం మంది, వెళ్లిపోయాక 4జీ రావాలి. రాలేదు. ఆ మార్చిలో పిలిచిన 4జీ టెండరు చైనాతో గల్వాన్ ఘర్షణ తర్వాత జూలైలో రద్దయింది. విదేశీ యంత్రాలు వద్దు, దేశీయమే కావాలన్నారు. భద్రత దృష్టితో ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేను. అప్పటికే అలాంటి యంత్రాలు వాడుతున్న ప్రైవేటు పోటీదారుల నెట్‌వర్క్‌లు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. ఆ జాప్యం ఖరీదంతా ఒక్క సంస్థ మీదే పడింది.

జియో 4జీతో వచ్చింది 2016 సెప్టెంబరు 5న. సీ-డాట్ కోర్, తేజస్ రేడియోలు, టీసీఎస్ అనుసంధానంతో తయారైన స్వదేశీ 4జీని సుమారు 97,500 టవర్లతో ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధాని ప్రారంభించింది 2025 సెప్టెంబరు 27న. మధ్యలో తొమ్మిదేళ్లు. అప్పటికి నంబర్ మారకుండా కంపెనీ మారే వీలు వచ్చి 14 ఏళ్లు దాటింది. వెళ్లదలచినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. ఈసారి ఇచ్చిన తరంగాల్లో 700 మెగాహెర్ట్జ్ ఉంది, 900 కంటే కూడా దూరం పోతుంది. గుట్టలు అడ్డొచ్చే ఈ మెట్ట ప్రాంతంలో లోపలి ఊళ్లకు అది పనికొచ్చే సంగతే. ఈ యంత్రాలను సాఫ్ట్‌వేర్ మార్పుతో 5జీకి తీసుకుపోవచ్చని చెబుతున్నారు. అది కుదిరితే, ఈ సంస్థ ఒక తరం నుంచి మరో తరానికి భారీ టెండరు పిలవకుండా వెళ్లడం ఇదే మొదటిసారి అవుతుంది.