గోడ అడిగిన రంగు

మన ఇళ్ల రంగుల చరిత్రను ఒక్క ముక్కలో చెప్పమంటే, గోడ మారినప్పుడల్లా రంగు మారింది అంటాను. మట్టిగోడల రోజుల్లో మట్టి రంగే పూశారు. ఇటుక, డంగుసున్నం గోడలొచ్చాక వెల్ల వేశారు. సిమెంటు గోడల మీదికి డిస్టెంపరు ఎక్కింది, లప్పం పెట్టి నునుపు చేసిన గోడల మీదికి ఎమల్షన్. ఇప్పుడు దుకాణానికి వెళ్తే షేడ్ కార్డు చేతిలో పెట్టి ఏ రంగు కావాలని అడుగుతారు. మీది ఎలాంటి గోడ అని అడిగేవాళ్లు అరుదు. రెండేళ్లకే పెచ్చులూడే రంగుల్లో చాలావాటి కథ ఆ అడగని ప్రశ్న దగ్గరే మొదలవుతుంది.

మట్టిగోడకు ముందు పేడా మన్నూ కలిపిన అలుకు, అది ఆరాక ఎర్రమన్ను పూత. తెలంగాణలో జాజు అంటారు. కింది అంచున సుద్దతో పట్టీలు, ముగ్గులు. ఎర్రమన్నుకు ఆ రంగునిచ్చేది ఇనుప ఆక్సైడు, అంటే తుప్పు జాతిది. ఎంత ఎండ తగిలినా వెలవదు. కానీ దాన్ని గోడకు పట్టి ఉంచే బంక ఏదీ లేదు కాబట్టి గట్టి వాన కొడితే కారిపోతుంది. అందుకే సంక్రాంతికో దసరాకో మళ్లీ మొదలు. ఆ పనికి కూలి లెక్క లేదు, ఇంటి ఆడవాళ్ల నడుములే ఖర్చు. మన్ను మంచిదో కాదో వేళ్ల మధ్య నలిపి చెప్పేవారు. గరగరలాడితే ఇసుక పాలు ఎక్కువ, పట్టదు. 2021 జనవరిలో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ఆవుపేడతో చేసిన ‘ప్రాకృతిక్’ పెయింటును విడుదల చేసింది. డిస్టెంపరుగానూ ఎమల్షన్‌గానూ డబ్బాల్లో వస్తోంది. పేడను డబ్బులు పోసి డబ్బాలో కొనుక్కోవాలంటే ఆ తరం ఆడవాళ్లు ఏమనేవారో!

సున్నం దగ్గర కాస్త ఆగాలి. శతాబ్దాలపాటు మన గోడలను ఏలింది అదే. 1591 నాటి చార్మినార్ మీది నగిషీ అంతా సున్నపు పనే. ఇళ్లలోకి అది రెండు దారుల్లో వచ్చింది. పల్నాడు వంటి సున్నపురాయి సీమలో రాతి సున్నం. పిడుగురాళ్ల బట్టీలకు ఇప్పటికీ ఆ పేరుంది. పులికాట్ వంటి ఉప్పునీటి సరస్సుల దగ్గర గుల్లలు కాల్చిన గుల్లసున్నం. రాయిని 900 డిగ్రీల వేడికి కాలిస్తే అందులో నూటికి 44 పాళ్లు బొగ్గుపులుసు వాయువుగా ఎగిరిపోతుంది. కాబట్టి బాగా కాలిన రాయి చేతికి తేలిగ్గా తగలాలి. బరువుగా ఉందంటే నడుమ పచ్చిరాయి మిగిలిపోయిందన్నమాట. అప్పట్లో నాణ్యత పరీక్ష అదే, ఐఎస్ఐ ముద్ర అక్కర్లేదు.

కాగులో నీళ్లు పోసి ఆ రాళ్లు వేస్తే కాసేపు ఏమీ ఉండదు. తర్వాత రాయి పగిలి, కుతకుత ఉడికి, ఆవిరి తన్నుకొస్తుంది. పిల్లల్ని దరిదాపులకు రానిచ్చేవారు కాదు, కంట్లో పడితే చూపు పోతుంది. చల్లారాక గుడ్డలో వడకట్టి, వేడినీళ్లలో కరిగించిన తుమ్మబంక కలిపి, చివర్లో కాస్త నీలిమందు వేసేవారు. కొబ్బరిపీచు కుంచెతో మొదటి చేయి నిలువుగా, రెండో చేయి అడ్డంగా. వేస్తున్నప్పుడు చూస్తే గోడ మీద నీళ్లు చల్లినట్టే ఉంటుంది, పని నచ్చని కొత్త కోడలు మొహం చిట్లించేలా. తెల్లారి చూస్తే తెల్లగా మెరుస్తుంది. తడిలో కనపడని తెలుపు ఆరాక ఎక్కడినుంచి వచ్చింది? సున్నపు రేణువుల మధ్య సందుల్లో నీళ్లున్నంతసేపు వెలుతురు వాటిగుండా చాలావరకు దూసుకుపోతుంది. నీళ్లు పోయి గాలి చేరగానే చెల్లాచెదురై వెనక్కి తిరుగుతుంది, తెలుపు పుడుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇవాళ్టి డబ్బాల నాణ్యత మర్మం కూడా ఇందులోనే ఉంది.

ఇక గోడ మీద సున్నం గాల్లోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుని మళ్లీ రాయి అవుతుంది. సందులు మాత్రం అలాగే ఉంటాయి కాబట్టి గోడలో చెమ్మ లోపలే మగ్గకుండా బయటికి పోతుంది. తాజా సున్నపు క్షారానికి పురుగూ బూజూ నిలవవు. అంటువ్యాధుల కాలంలో వెల్ల వేయించమని చెప్పింది శుభ్రం కనపడాలని మాత్రమే కాదు. లోపమల్లా ఒకటే, ఆనుకుంటే చొక్కాకు అంటుతుంది.

ఆ క్షారమే రంగులకు శత్రువు. పసుపునీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడుతుందని హారతి పళ్లెం చూసిన ప్రతివారికీ తెలుసు. పూలరంగులు, ఆకురంగులు వెల్లలో నిలవవు, మట్టిరంగులే నిలుస్తాయి. నీలానికి అదే ఇబ్బంది. ఒకప్పుడు మేలైన నీలం అంటే అఫ్ఘనిస్థాన్ గనుల లాజవర్ది రాయి నూరి తీసినది, బంగారంతో పోటీపడే ధర. 1820లలో ఫ్రాన్స్‌లో గీమే అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని బంకమన్ను, సోడా, గంధకం కాల్చి చౌకగా తయారుచేసే దారి కనిపెట్టాడు. అల్ట్రామెరీన్ అనే ఈ నీలం క్షారానికి లొంగదు. ఆ తర్వాత అది చాకిరేవుకూ చేరింది, మన వెల్ల కాగులోకీ చేరింది. సున్నంలో ఉండే లేత పసుపు జీరను చిటికెడు నీలం కప్పేస్తుంది. ఎక్కువైతే గోడ ఆకాశంలా తయారవుతుంది. ఆ తూకమే మేస్త్రీ పనితనం.

కర్మాగారంలో చేసిన రంగు మన దేశంలో 1902లో షాలిమార్ సంస్థ హౌరా దగ్గర పెట్టిన ఫ్యాక్టరీతో నిలదొక్కుకుంది. అప్పటికి రంగు అంటే నూనె రంగే: రైళ్లు, ఓడలు, వంతెనలు, దొరల బంగళాల తలుపులు. రెండో ప్రపంచయుద్ధం దిగుమతులకు అడ్డం పడింది. 1942లో బొంబాయిలో నలుగురు స్నేహితులు ఏషియన్ పెయింట్స్ మొదలుపెట్టారు. తర్వాతి కథ డిస్టెంపరుది.

పాత రకం డిస్టెంపరు సుద్దపొడిలో వజ్రం, అంటే వడ్రంగులు వాడే జిగురు, కలిపిన పొడి. నీళ్లలో కలుపుకుని పూయడమే. తడి తగిలితే ఊడొచ్చేది. అందులో కాస్త నూనె చేర్చి తడిగుడ్డతో తుడవగలిగేలా చేసిన రకం వచ్చాక సున్నం తొట్టి మూలకు చేరింది. భారత ప్రమాణాల్లో మొదటిదానికి ఐఎస్ 427, రెండోదానికి ఐఎస్ 428 అని వేర్వేరు అంకెలున్నాయి. చుట్టాలు వస్తున్నారంటే ముందు గదికి డిస్టెంపరు, వెనక గదులకు వెల్ల. ఇల్లంతా డిస్టెంపరే అయితే ఉద్యోగం ఖాయమైనట్టు లెక్క. 1954లో ఏషియన్ పెయింట్స్ కోసం ఆర్.కె. లక్ష్మణ్ గీసిన గట్టు, నుదుటి మీద జుట్టు పడుతూ కుంచె పట్టుకున్న ఆ తుంటరి కుర్రాడు, రంగును పండగ సరుకుల సరసన కూర్చోబెట్టాడు. బయటి గోడలకు స్నోసెం వంటి సిమెంటు రంగులు వచ్చాయి. గోడను ముందు తడిపి, పూశాక మళ్లీ తడపాలి. ఆ రెండో తడుపు ఎగ్గొట్టిన ఇళ్లకు పొడి రాలింది, నింద రంగు మీద పడింది.

ఎమల్షన్ పుట్టుక అమెరికాలో. 1941లో షెర్విన్-విలియమ్స్ నీళ్లలో కలుపుకునే కెమ్-టోన్ తెచ్చింది. 1948లో గ్లిడెన్ సంస్థ యుద్ధకాలపు కృత్రిమ రబ్బరు పరిశోధన ఆధారంగా లేటెక్స్ రంగు దించింది. 1953లో రోమ్ అండ్ హాస్ పూర్తి ఆక్రిలిక్ ఎమల్షన్‌ను రంగుల తయారీదారులకు ఇచ్చింది. మన మధ్యతరగతి గదుల్లోకి అది రావడానికి దశాబ్దాలు పట్టింది. దాని పనితీరు ఇలా ఉంటుంది. కంటికి కనపడని ప్లాస్టిక్ రేణువులు నీళ్లలో తేలుతుంటాయి. నీళ్లు ఆరేకొద్దీ అవి ఒకదానికొకటి అతుక్కుని పొరగా మారతాయి. ఆ పొరే బంక. దానిలో చిక్కుకున్న తెల్లపొడే తెలుపు.

ఆ తెల్లపొడి ఏదన్నదే ధర. 1916 ప్రాంతంలో నార్వే, అమెరికాల్లో వేర్వేరుగా టైటానియం డయాక్సైడు తయారీ మొదలైంది. మన దేశంలో ట్రావన్కోర్ టైటానియం సంస్థ 1946లో తిరువనంతపురంలో ఏర్పడింది. దాని ముడిసరుకు ఇల్మనైట్ శ్రీకాకుళం నుంచి భీమిలి దాకా మన తీరపు ఇసుకలోనూ ఉంది. వెలుతురును విరగ్గొట్టడంలో దాన్ని మించిన తెల్లపొడి గోడరంగుల్లో లేదు, అందుకే పలచటి పూత కూడా కింది మరకను కప్పుతుంది. సుద్దపొడి అలా కాదు. బంకలో మునిగితే దాదాపు మాయమైపోతుంది. చౌక రంగు చేసేవారు టైటానియం తగ్గించి, సుద్ద పెంచి, బంక తగ్గిస్తారు. బంక తక్కువైతే రేణువుల మధ్య గాలి సందులు మిగులుతాయి, వెల్లలోలాగే ఆరాక తెల్లగా కనపడుతుంది. మొదటి రోజు ఖరీదైనదానికీ దీనికీ తేడా తెలియదు. ఏడాది పోయాక తడిగుడ్డతో తుడిస్తే తెలుస్తుంది: తడిసినచోట నల్లబడుతుంది, గుడ్డకు పొడి అంటుతుంది. ఆ సుద్దపొడి పాత వెల్లగోడ మీద గడ్డకట్టిన పదార్థమే, కాల్షియం కార్బొనేటే. కిలోల లెక్కన కొన్నదాన్ని లీటర్ల లెక్కన కొంటున్నామంతే.

కాబట్టి లీటరు ధర చూసి కొనడం నా దృష్టిలో పెద్ద పొరపాటు. డబ్బా మీద ఎన్ని చదరపు అడుగులకు వస్తుందో రాసి ఉంటుంది, దాన్ని చూడాలి. 10 అడుగుల ఎత్తున్న 10×12 గదికి గోడలు 440 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలు తీసేస్తే సుమారు 400 అనుకుందాం. రెండు చేతులకు లీటరుకు 100 అడుగులు వచ్చే రంగు నాలుగు లీటర్లు కావాలి, 140 వచ్చేది మూడు లీటర్లకు లోపే సరిపోతుంది. పైగా చౌకదానికి మూడో చేయి పడితే కూలి అదనం.

1990ల చివర్లో దుకాణాల్లోకి టింటింగ్ యంత్రాలు వచ్చాయి. అంతకుముందు మేస్త్రీ తెల్ల డిస్టెంపరులో స్టెయినర్ సీసా వంచి, కర్రతో తిప్పి, గోడ మూలన కాస్త పూసి ‘ఇలా చాలా అమ్మగారూ?’ అని అడిగేవాడు. ఒక తొట్టికీ ఇంకో తొట్టికీ జీర తేడా వచ్చేది. ఆ బాధ పోయింది, కానీ ఎంపికలో మేస్త్రీ మాట విలువ తగ్గలేదు. దానికి ఒక కారణం టోకెన్. చాలా డబ్బాల్లో పెయింటర్‌కు చెందే టోకెనో, గీకే క్యూఆర్ కోడో ఉంటుంది. ‘ఈ రకమే వేయండి సార్, పదేళ్లు చూడక్కర్లేదు’ అన్నప్పుడు ఆ మాటలో అనుభవం ఎంత, టోకెన్ ఎంత అన్నది కొనేవాడు తేల్చుకోవాలి. అతన్ని తప్పుపట్టను. రోజుకూలికి అది చిన్న ఊతం.

పాత వెల్ల మీద నేరుగా ఎమల్షన్ వేస్తే ఏమవుతుందో పల్లెల్లో పాత పెంకుటిళ్లు బాగుచేయించుకున్న చాలామంది చూశారు. వదులైన సున్నపు పొరను పట్టుకుని ప్లాస్టిక్ పొర ఆకుల్లా లేచి వస్తుంది. గట్టి గోడ తగిలేదాకా గీకాలి, లేదా మళ్లీ వెల్లే వేయాలి. డంగుసున్నంతో కట్టిన పాత గోడకు రెండోదే మేలని నా నమ్మకం, చెమ్మ పోయే దారి మిగులుతుంది. కొత్త సిమెంటు గోడ సంగతి వేరు. దానిలోనూ సున్నపు క్షారం ఉంటుంది, హారతి పళ్లెం రసాయనమే అక్కడా జరుగుతుంది. తడి పూర్తిగా ఆరకముందే ముదురు రంగు వేస్తే మచ్చలు మచ్చలుగా వెలుస్తుంది. గృహప్రవేశం ముహూర్తం గోడ ఆరడం కోసం ఆగదు కదా, అందుకే ముందు ప్రైమర్‌తో సరిపెట్టి రంగు ఒక వేసవి పోయాక వేయించుకునేవారున్నారు. బాత్రూం గోడ అవతలి పక్క ఉప్పు పొంగుతుంటే ఎంత ఖరీదైన డబ్బా అయినా వృథా. ముందు పైపు కారడం ఆపించాలి.

గోడల దగ్గర ఇంత చూసినవారు కూడా తలుపుల రంగు దగ్గర ఏమరుతుంటారు. ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపుల్లో, సీసం చాలాకాలం రాజ్యమేలింది. 1904లోనే ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో లాకార్ట్ గిబ్సన్ అనే వైద్యుడు పిల్లల సీసపు విషానికి మూలం ఇళ్ల వరండా కటకటాల రంగేనని రాశాడు. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇళ్ల లోపలి రంగుపనిలో సీసపు సఫేదాను కట్టడి చేస్తూ ఒప్పందం చేసింది. అమెరికా 1978లో నిషేధించింది. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90కి మించకూడదన్న నియమాలు 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమల్లో ఉన్నాయి. పది కిలోల రంగులో అది ఒక గ్రాముకు లోపే. డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చూసి కొనాలి. పాత తలుపు మీద పొరలు మాత్రం ఆ నియమాలకు ముందువి. వాటిని ఎమరీ కాగితంతో పొడిగా రుద్దితే రేగే ధూళిలో సీసం ఉండవచ్చు. నీళ్లతో తడుపుతూ రుద్దించి, ఆ పని అయ్యేదాకా పిల్లల్నీ గర్భిణుల్నీ వేరే ఇంటికి పంపించి, చివరికి చీపురు పట్టకుండా తడిగుడ్డతోనే నేల తుడిపించాలి.