అమ్మ తలగడ కింది బిళ్ళ

అమ్మ తలగడ కింద ఎప్పుడూ ఒక బిళ్ళల అట్ట ఉండేది. నాన్న పోయిన ఏడాది మొదలైన ఆ నిద్రమాత్ర పద్నాలుగేళ్ళు సాగింది. రాసిచ్చిన డాక్టరు గానీ, చీటీ అడక్కుండా ఇచ్చిన మందుల షాపతను గానీ, పక్క గదిలో పడుకున్న నేను గానీ 'నీకెందుకు నిద్ర పట్టడం లేదు' అని ఒక్కసారీ అడగలేదు.

ఈ అడగకపోవడానికి ఒక చరిత్ర ఉంది. అమెరికా మార్కెట్లోకి 1960లో లిబ్రియం, 1963లో వాలియం వచ్చాయి. బెట్టీ ఫ్రీడన్ 'ద ఫెమినిన్ మిస్టిక్' వచ్చిందీ 1963లోనే. ఇంట్లో ఊపిరాడని గృహిణుల అశాంతికి పుస్తకం కారణాలు వెతికితే, బిళ్ళ దాన్ని జోకొట్టింది. వైద్య పత్రికల ప్రకటనల్లో అలసిన ఆడదాని బొమ్మ, పక్కన మందు పేరు. మగవాళ్ళకంటే దాదాపు రెట్టింపు మంది ఆడవాళ్ళకి ఈ మందులు రాశారు. 1979లో ఎడ్వర్డ్ కెన్నడీ సెనేట్ విచారణ జరిపినప్పుడు, వీటిని వదలలేక నలిగిన వాళ్ళు బహిరంగంగా సాక్ష్యం చెప్పారు.

ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో డాక్టర్ హెదర్ ఆష్టన్ 1982 నుంచి 1994 దాకా ఈ మందులు మానాలనుకునే వారి కోసం క్లినిక్ నడిపారు. పాత ఆందోళనే తిరగబెట్టిందని కొట్టిపారేసిన బాధల్ని ఆమె కూర్చుని విన్నారు, నమ్మారు. మోతాదు నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి, ఆ వేగం రోగి చేతిలోనే ఉండాలి అన్నారు. 1999లో ఆ అనుభవాన్నంతా పుస్తకంగా అందించారు.

2004లో కెనడాలో ఛార్లెస్ మోరిన్ బృందం, సగటున 19 ఏళ్ళుగా నిద్రమాత్రలు వాడుతున్న 76 మంది పెద్దవాళ్ళపై చేసిన అధ్యయనం ప్రచురించింది. మోతాదు తగ్గించడం ఒక్కటే చేసిన వారిలో 48 శాతం, దానికి మానసిక చికిత్స జోడించిన వారిలో 85 శాతం మాత్ర మానగలిగారు. ఆ చికిత్స చాలావరకు రోజువారీ సంగతులే: నిద్ర పట్టకపోతే మంచం దిగడం, రోజూ ఒకే వేళకి లేవడం, 'ఈ రాత్రి నిద్ర లేకపోతే రేపంతా నాశనమే' అన్న భయాన్ని పరీక్షించి చూసుకోవడం.

ఇవేవీ తెలియక ఒకరోజు కోపంతో అమ్మ అట్టని చెత్తబుట్టలో పడేశాను. రెండో రాత్రికి ఆమె చేతులు వణికాయి, ఒళ్ళంతా చెమటలు. ఉన్నట్టుండి ఆపితే మూర్ఛ కూడా రావచ్చని ఆస్పత్రిలో చెప్పారు. మాత్ర ఇచ్చేటప్పుడు ఎవరూ ఆమెని అడగలేదని ఇన్నాళ్ళూ నిందించిన నేను, లాక్కునేటప్పుడు అడిగానా?

అమ్మ ఇప్పుడు డాక్టరు పర్యవేక్షణలో పావు బిళ్ళ దగ్గరుంది. ఎప్పుడు మానేదీ ఆమే చెబుతుంది. అర్ధరాత్రి మెలకువ వస్తే నన్ను లేపి నాన్న గురించి, తను ఆపేసిన చదువు గురించి మాట్లాడుతుంది. నిద్రకళ్ళతోనే వింటున్నాను.